బాపు స్వెట్టర్

మా ఇంట్లో కుక్కర్‌కీ నా అల్లికకీ ఒక ఒప్పందం ఉంది. కందిపప్పుకి నాలుగు విజిళ్లు రావాలి. చేతిలో చంటిపిల్లల టోపీ ఉంటే మొదటి విజిల్ వచ్చేలోపు నాలుగు వరుసలు అవుతాయి. ఆ తర్వాత విజిల్‌కొక వరుస. స్టవ్ ఆపేసరికి ఏడు వరుసలు. పిల్లల స్కూల్ ఆటో కోసం గేటు దగ్గర నిలబడితే ఇంకో రెండు. ఆటో ఆలస్యమైతే అందరూ విసుక్కుంటారు, నేను మాత్రం లోలోపల సంతోషిస్తాను.

ఇట్లా ముక్కలు ముక్కలుగా దొరికిన టైంలోనే ఇరవై ఏళ్లుగా అల్లుతున్నా. కూర్చుని, కాళ్లు చాపుకుని, తీరిగ్గా అల్లిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

మా ఆయనకి ఈ వ్యవహారం ఎప్పుడూ అర్థం కాదు. "గాంధీచౌక్‌ల మూడు వందలు పెడితే స్వెట్టర్ వస్తది. నువ్వు ఊలుకే ఏడు వందలు పెడ్తున్నవ్. మీదికెళ్లి మూడు నెలల కష్టం. ఇదేం లెక్క?" అంటారు. ఆయన లెక్క తప్పు కాదు. నా దగ్గర జవాబు లేక ఎప్పుడూ నవ్వి ఊరుకునేదాన్ని. ఈ ఏడాది మాత్రం నాకు ఇంకో లెక్క తెలిసొచ్చింది. అది మీకు చెబుదామనే కూర్చున్నా.

నేను పుట్టి పెరిగింది బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో. పేరులోనే చక్కెర ఉన్న ఊరు. మంజీర మీద నిజాంసాగర్ కట్టాక కాలువ నీళ్లొచ్చాయి, నీళ్లతో చెరుకు వచ్చింది, చెరుకు వెనకే 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీతో పాటు కాలనీ, క్వార్టర్లు. మా బాపు అందులో పాన్ హౌస్‌లో పనిచేసేవాడు. చెరుకు రసం మరిగి మరిగి, చిక్కబడి, చక్కెర గింజ కట్టే చోటు అది.

చెరుకు ఆడే సీజన్ అంతా చలికాలమే. పాన్ హౌస్ లోపల ఒళ్లు మాడిపోయే వేడి. షిఫ్ట్ అయిపోయి బయటికొస్తే ఎముకలు కొరికే చలి. చెమటతో తడిసిన అంగీ మీద ఆ గాలి కొడితే మనిషి వణికిపోతాడు. అందుకని కాలనీలో ఇంటింటికీ ఒక స్వెట్టర్ తప్పనిసరి, ఆ స్వెట్టర్ అల్లే ఆడమనిషీ తప్పనిసరి. మా అమ్మ ఆవాలరంగు ఊలుతో బాపుకి ఒక స్వెట్టర్ అల్లింది. 1998 సీజన్‌లో మొదలుపెట్టి ఆ సీజన్‌లోనే పూర్తి చేసింది. నేనప్పుడు హైస్కూల్లో ఉన్నా. బడి నుంచి వచ్చే దారిలో చెరుకు బండ్లు బారుగా నిలబడి ఉండేవి. వెనక నుంచి ఒక గడ లాక్కుని పరుగెత్తుకొస్తే, అమ్మ అరుగు మీద సూదులు ఆడిస్తూ "మళ్ల గుంజినవా? ఎవలన్న చూస్తే ఇజ్జత్ పోతది" అని కోప్పడేది. కోప్పడుతూనే గడ తీసుకుని ముక్కలు చేసి ఇచ్చేది.

సీదా, ఉల్టా అని రెండే కుట్లు నేర్పింది అమ్మ. "గీ రెండు వస్తే లోకంల ఏ స్వెట్టరైనా వస్తది" అనేది.

క్రోషా మాత్రం అమ్మ దగ్గర నేర్చుకోలేదు. మా పక్క క్వార్టర్‌లో నర్సాపురం పిన్నిగారు ఉండేవారు. ఆమె భర్త కూడా ఫ్యాక్టరీ ఉద్యోగే. గోదావరి జిల్లా నుంచి వస్తూ ఆవిడ తెచ్చుకున్న ఆస్తి ఒక చిన్న కొక్కెం సూది, డబ్బా నిండా తెల్లదారం. మధ్యాహ్నం అన్నాలయ్యాక మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి, "అలా లాగేయకూడదమ్మా, దారానికి ఊపిరాడాలి" అంటూ చైన్ కుట్టు నేర్పేవారు. ఆవిడ భాషకి మేం నవ్వేవాళ్లం, మా భాషకి ఆవిడ నవ్వేవారు. కుట్టు దగ్గర మాత్రం నవ్వుల్లేవు. తప్పు పోతే నిర్దాక్షిణ్యంగా విప్పించేవారు.

నర్సాపురం వైపు ఆడవాళ్లకి ఈ లేసు పని పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. ఏజెంట్లు దారం ఇచ్చి పోవడం, వీళ్లు ఇంట్లో అల్లి ఇవ్వడం, అది ఓడలెక్కి పరాయి దేశాల్లో టేబుళ్ల మీదికి చేరడం. 2024లో ఆ లేసుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. ఆ ఆడవాళ్ల గురించి మరియా మీస్ అనే జర్మన్ రచయిత్రి 1982లో ఏకంగా ఒక పుస్తకమే రాసింది. అందులో ఆమె గట్టిగా చెప్పిన సంగతి ఒకటి నాకు బాగా గుర్తుండిపోయింది. గంటల తరబడి వాళ్లు చేసే పనిని ఎవరూ పనిగా లెక్కపెట్టలేదు, ఇంట్లో ఖాళీగా ఉన్న ఆడవాళ్ల కాలక్షేపం అనుకున్నారు. మా పిన్నిగారు కూడా పెళ్లికి ముందు పుట్టింట్లో అట్లా అల్లిన మనిషే. "డబ్బు కోసం అల్లినన్నాళ్లూ ఆ లేసు ఎవరి ఇంటికి వెళ్తుందో తెలిసేది కాదు. ఇప్పుడు ఎవరికి అల్లుతున్నానో తెలిసి అల్లుతున్నా, అదే తేడా" అని ఒకసారి అన్నారు. అప్పుడు నాకు ఆ మాట బుర్రకెక్కలేదు.

పెళ్లయి నిజామాబాద్ వచ్చాక, ఇక్కడ మా అత్తమ్మది ఇంకో రకం చేతిపని. బీడీలు. మా గల్లీలో ఒకప్పుడు చాట ఒళ్లో పెట్టుకోని ఆడమనిషి కనిపించేది కాదట. తునికాకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం. రోజుకి వెయ్యి బీడీలు చుట్టి ముగ్గురు పిల్లల్ని చదివించింది. నేను పెళ్లయిన కొత్తలో ఊలు ముందేసుకుని కూర్చుంటే కాసేపు చూసి, "దీనికి ఎంతిస్తరు?" అని అడిగింది. "ఎవరూ ఇవ్వరు అత్తమ్మా, మనవాళ్లకే" అన్నాను. "పైసలు రాని పనికి వేళ్లెందుకు అరగదీసుకుంటున్నవ్ బిడ్డా?" అంది. వెటకారం కాదు. నిజంగానే ఆమెకి అర్థం కాలేదు. వేళ్లు అరగడమంటే ఏమిటో తెలిసిన మనిషి కదా.

సరే, పైసలు రాని ఈ పనిలో నేను చేసిన ఘనకార్యాలు కూడా చెప్పాలి. ఆడపడుచు బిడ్డకి పుట్టెంట్రుకల నాటికి అందేలా గులాబీరంగు టోపీ అల్లాను. పెట్టి చూస్తే కళ్లు, ముక్కు అన్నీ మూసుకుపోయి గడ్డం మాత్రం కనిపించింది. రెండో పుట్టినరోజుకి సరిపోయింది. మా తోటికోడలికి టీవీ మీద వేసుకోమని పెద్ద క్రోషా గుడ్డ అల్లిచ్చాను. ఆర్నెల్లు పట్టింది. అది పూర్తయ్యేసరికి వాళ్లు గోడకి తగిలించే పలక టీవీ కొన్నారు. దాని మీద రుమాలు కూడా నిలవదు! పాపం, ఆమె మంచి మనిషి కాబట్టి మిక్సీ మీద కప్పుకుంది.

మా చెల్లె భర్త దుబాయిలో సైట్ మీద పనిచేస్తాడు. అక్కడ ఎండలే కదా అని అతనికి ఎప్పుడూ ఏమీ అల్లలేదు. ఒకసారి ఫోన్‌లో తనే, "వదినా, అందరికీ అల్లుతరు, నాకు మంకీ క్యాప్ లేదా?" అన్నాడు. నేను నవ్వేశా. "జనవరిల రాత్రి డ్యూటీ చేస్తే తెలుస్తది వదినా, ఎడారిల చలి" అన్నాడు. సిగ్గేసింది. వెంటనే అల్లి, వెళ్లేవాళ్లెవరో ఉంటే పంపించాను. అడిగేదాకా అతనికి చలి పెడుతుందన్న ఆలోచనే నాకు రాలేదు. అప్పుడైనా నాకు బుద్ధి రావాల్సింది.

ఇప్పుడు అసలు విషయానికొస్తా.

బాపు 2012లో రిటైరయ్యాడు. ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడింది. అమ్మ ఆ తర్వాత రెండేళ్లకి పోయింది. బాపు బోధన్‌లో తమ్ముడి దగ్గర ఉంటాడు. నెలకోసారి బస్సెక్కి పోయి చూసొస్తా. జానకంపేట, ఎడపల్లి దాటితే గంటలోపే ఊరు. ఎప్పుడు పోయినా ఏదో ఒకటి వండి తీసుకుపోతా. బాపుకి తీపి ఇష్టం కాబట్టి ఎక్కువగా తీపే.

పోయిన ఏడు దసరాకి పోయినప్పుడు అమ్మ అల్లిన ఆవాలరంగు స్వెట్టర్ దండెం మీద ఆరేసి ఉంది. మోచేతుల దగ్గర పూర్తిగా చిరిగిపోయింది. అంచు వదులై వేలాడుతోంది. అప్పుడే అనుకున్నా, సంక్రాంతికి బాపుకి కొత్త స్వెట్టర్. బాపుకి చెప్పకుండా, ఆశ్చర్యపడాలని, ఆ పాత స్వెట్టర్‌ని మంచం మీద పరిచి టేపుతో కొలుచుకున్నా. అడ్డం 21 అంగుళాలు.

ఊలు పెద్దబజార్‌లో తీసుకున్నా. ముదురు నీలం, అరకేజీ పైనే. తొమ్మిదో నంబర్ సూదుల మీద చిన్న ముక్క అల్లి చూస్తే అంగుళానికి ఐదున్నర కుట్లు వచ్చాయి. 21 అంగుళాలకి లెక్కేసి, అంచుకి రెండు సీదా రెండు ఉల్టా సరిగ్గా కుదిరేలా 114 కుట్లు ఎక్కించాను. వెనక భాగం దీపావళి పనుల్లో అయ్యింది, ముందు భాగం పిల్లల పరీక్షల్లో, ఒక చెయ్యి మా అత్తమ్మ కంటి ఆపరేషన్ అప్పుడు ఆసుపత్రి వరండాలో, రెండో చెయ్యి బస్సుల్లో. ఏ చోట అల్లిన ముక్క ఏదో ఇప్పటికీ చూపించగలను. అత్తమ్మ ఆపరేషన్ రోజు అల్లిన వరుసలు బాగా బిగుసుకుపోయి ఉంటాయి.

భోగి నాడు స్వెట్టర్ కవర్లో పెట్టుకుని, అరిసెలు డబ్బాలో పెట్టుకుని బోధన్ పోయాను. బాపు తొడుక్కున్నాడు. భుజం కుట్టు భుజం మీద నిలవలేదు, చేతి మీదికి జారింది. చేతులు వేళ్లదాకా వచ్చాయి. పిల్లవాడు తండ్రి అంగీ తొడుక్కున్నట్టు ఉన్నాడు.

"మస్తుగున్నది బిడ్డా" అన్నాడు. రెండు చేతులూ మడిచి పైకి తోసుకుంటూ.

నాకు మనసులో చివుక్కుమంది. పాత స్వెట్టర్ వాడి వాడి సాగిపోయి ఉంటుంది, సాగిన దాన్ని కొలిచాను కాబట్టి కొలత తప్పింది, అని అనుకున్నా. "లోపల ఇంకో అంగీ వేసుకో బాపూ, సరిపోతది" అన్నాను. అరిసెలు పెట్టాను. రెండు తిన్నాడు. నేను సంతోషంగా తిరిగొచ్చేశా.

నెల తర్వాత మరదలు ఫోన్ చేసింది. మాటల మధ్యలో, "వదినా, మీరు ఏమనుకోనంటే ఒకటి చెప్తా. మామ కొత్త స్వెట్టర్ ఏస్కుంటలేడు. బీరువాల పెట్టిండు. ఆ చిరిగిందే ఏస్కుంటున్నడు" అంది. అబద్ధమెందుకు, నాకు కోపమే వచ్చింది. మూడు నెలలు కూర్చుని అల్లితే బీరువాలోనా అని. ఆదివారం టేపు పర్సులో వేసుకుని పోయాను. పక్క కుట్లు కొంచెం లోపలికి తోసి బిగిస్తే సరిపోతుందిలే అని.

పోయేసరికి మరదలు అటక మీది ట్రంకుపెట్టె దింపించింది. అమ్మ సూదులేమైనా అందులో ఉంటే నాకిద్దామని. సూదులతో పాటు ఒక నోటు పుస్తకం కూడా దొరికింది. నా పాత లెక్కల నోట్సు, వెనక నుంచి అమ్మ వాడుకుంది. పాలవాడి లెక్కలు, చిట్టీ లెక్కలు, వాటి మధ్యలో అమ్మ గుండ్రటి అక్షరాలతో, "ఆయన స్వెట్టర్. ఛాతి 40. మొదలు 114."

114. నేను ఎక్కించిన కుట్లే.

నాకు ఒక్క నిమిషం ఏమీ తోచలేదు. పాత స్వెట్టర్ సాగలేదు. అమ్మ ఎంత అల్లిందో అంతే ఉంది. నా కొలతా తప్పలేదు. మరి?

బాపుని లేపి నిలబెట్టి, ఛాతి చుట్టూ టేపు వేశాను. నా పెళ్లయ్యాక బాపుని అంత దగ్గరగా పట్టుకోవడం అదే మొదటిసారి అనుకుంటా. అంగీ కింద పక్కటెముకలు చేతికి తగిలాయి. టేపు మీద 34.

ఆరు అంగుళాలు! నెలనెలా వచ్చి చూసిపోతున్నా. అన్నం పెట్టి, ముచ్చట్లు చెప్పి, మందులు వేసుకుంటున్నావా అని అడిగి పోతున్నా. రోజూ చూసే తమ్ముడు, మరదలు కూడా గమనించలేదు. మెల్లమెల్లగా తగ్గే మనిషి, చూస్తున్న కళ్లకి తగ్గినట్టు కనిపించడట. పైగా బాపు ఎప్పుడూ వదులు అంగీలే వేస్తాడు.

ఇంక అడగడం మొదలుపెట్టాను. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావ్? "నాలుగైదుసార్లు. వయసు కదా బిడ్డా." దప్పిక? "మంచం కింద చెంబు పెట్టుకుంటున్న." కాళ్లు? "తిమ్మిర్లు. చలికి."

మర్నాడే నిజామాబాద్ తీసుకొచ్చి ఖలీల్‌వాడిలో డాక్టర్‌కి చూపించాం. పరగడుపున చేసిన పరీక్షలోనే షుగర్ మూడు వందలు దాటింది. చాలా రోజుల నుంచి ఉండి ఉంటుందన్నారు. అందుకే మనిషి కరిగిపోయాడు. నయం, కాళ్లకి పుండ్లు పడలేదు, కిడ్నీల పరీక్ష బాగానే వచ్చింది. మందులు, తిండి లెక్క, నడక అన్నీ రాసిచ్చారు. అదుపులోకి వస్తే బరువు కొంత తిరిగొస్తుందని కూడా చెప్పారు.

బయటికొచ్చి ఆటో ఎక్కాక నాకు ఏడుపు ఆగలేదు. ఆ అరిసెల డబ్బానే కళ్లముందు మెదిలింది. బాపు మాత్రం నా చెయ్యి తట్టి, "ముప్పై ఏండ్లు శక్కర నేను వండితి. ఇప్పుడది నన్ను వండుతున్నది. ఏం గాదు తియ్" అన్నాడు. ఆటో అబ్బాయి కూడా నవ్వాడు.

పరీక్షల కోసం బాపు రెండు వారాలు మా ఇంట్లోనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం నేను నీలం స్వెట్టర్ తీసి పక్క కుట్లు విప్పడం మొదలుపెట్టా. సర్దడం కాదు, మొత్తం విప్పేయాలని నిర్ణయించుకున్నా. అల్లే అలవాటు లేనివాళ్ల కోసం చెబుతున్నా, స్వెట్టర్‌ని మొదలుపెట్టిన అంచు నుంచి విప్పలేం. ఎక్కడ ముగించామో అక్కడ్నుంచే దారం పట్టి లాగాలి. అప్పుడు వరుసకి వరుస సర్రున వచ్చేస్తుంది. వచ్చిన దారం ముడతలు ముడతలుగా, సేమ్యాలా ఉంటుంది. దాన్ని లచ్చిగా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్లలో ఉతికి, కింద చిన్న బరువు వేలాడేసి ఆరబెడితే ముడతలు చాలావరకు పోతాయి. మళ్లీ ఉండ చుట్టుకుని అల్లుకోవచ్చు.

ఉండ చుట్టేటప్పుడు లచ్చి పట్టుకోవడానికి ఒకరు కావాలి. నేను కుర్చీ కోసం చూస్తుంటే, బాపు తనంతట తానే రెండు చేతులూ ముందుకు చాపాడు. మోచేతులు మడిచి, అరచేతులు ఎదురెదురుగా. చెప్పాల్సిన పనే లేకపోయింది. అమ్మకి ఎన్నిసార్లు పట్టుకున్నాడో.

దారం తిరుగుతుంటే చిన్నగా మొదలుపెట్టాడు. "నేను రాత్రి డ్యూటీకి పోతే మీ అమ్మ పండుకునేది కాదు. భయం ఆమెకు. ఆవిరి, మిషన్లు, ఏమైతదో అని. పొద్దుగాల నేనొచ్చి పండుకున్నవా అంటే, ఆఁ మంచిగ పండుకున్న అనేది. గూట్ల చూస్తే స్వెట్టర్ జానెడు పెరిగి ఉండేది. నేనేం అనకపోయేది."

నాకు తెలియదు ఈ సంగతి. అమ్మ అల్లడమంటే మాకు పగటిపూట అరుగు మీద దృశ్యమే. రాత్రిళ్లు సైరన్ వినిపించేదాకా మేలుకుని ఉందని, అమ్మ దాచుకున్న నిద్రలేమిని స్వెట్టర్ బాపుకి చెప్పేసేదని ఎప్పుడూ ఊహించలేదు. బాపు కొత్త స్వెట్టర్ తొడుక్కోకుండా పాతదాన్నే ఎందుకు పట్టుకున్నాడో కూడా కొంచెం అర్థమైంది. కొలత ఒక్కటే కారణం కాదు.

అత్తమ్మ మంచం మీద నుంచి మమ్మల్నే చూస్తోంది. నా చుట్టుడు ఆమెకి నచ్చలేదు. "అట్ల చుడితే తెల్లారుతది. ఇటు తే" అని ఉండ లాక్కుంది. ఏళ్లతరబడి బీడీలకి దారం చుట్టిన వేళ్లు. వేళ్లు వంకర్లు పోయాయి గానీ వేగం పోలేదు. నేను ఒకటి చుట్టేసరికి ఆమె మూడు ఉండలు చుట్టేసింది. ఈసారి ఎంతిస్తరని అడగలేదు.

తర్వాత వచ్చింది అసలు చిక్కు. ఎన్ని కుట్లు ఎక్కించాలి? 34 ఛాతికి రెండు అంగుళాలు వదులిచ్చి లెక్కేస్తే 98 కుట్లు. అంటే ముందు 16, వెనక 16, మొత్తం 32 కుట్లు తక్కువ. ఆ 32 కుట్ల మేర మా బాపు మా కళ్లముందే మాయమైపోయాడు. 98 ఎక్కించడమంటే దానికి ఒప్పుకున్నట్టు అనిపించింది. 114 వేస్తే మళ్లీ బీరువానే. రెండు రోజులు మనసు ఊగిసలాడి, మధ్యలో 106 వేద్దామనుకున్నా. బరువు తిరిగొస్తుందన్నారు కదా, ఆశ.

ఈసారి మాత్రం అడిగాను. "బాపూ, ఇప్పటి నీకు అల్లన్నా, మళ్ల లావెక్కే నీకు అల్లన్నా?"

అన్నంలో పెరుగు కలుపుకుంటూ కొంచెంసేపు ఆలోచించాడు. "ఇప్పుడున్నోనికి అల్లు. చలి పెట్టేది ఈనకే కదా. లావైతే మళ్ల విప్పుదువు తియ్, ఏమున్నది" అన్నాడు.

98 ఎక్కించాను.

నిజామాబాద్ ఎండలు మీకు తెలుసు కదా. ఏప్రిల్, మే నెలల్లో కూలర్ ముందు కూర్చుని ఒళ్లో ఊలు పెట్టుకుని అల్లుతుంటే వచ్చినవాళ్లందరూ నన్ను వింతగా చూశారు. మా ఆయన మాత్రం ఈసారి మూడు వందల లెక్క ఎత్తలేదు. బీపీ మిషన్ కొనడానికి పోయి, పక్క షాపులో ఒక మంచి కొలత టేపు కూడా కొనుక్కొచ్చి నా అల్లిక బుట్టలో వేశారు. మాటేమీ అనలేదు.

కార్తీకంలో చలి మొదలైంది. బాపు పొద్దున నడకకి నీలం స్వెట్టర్ వేసుకునే పోతున్నాడని మరదలు ఫోటో పంపింది. భుజం కుట్టు భుజం మీదే ఉంది. చేతులు మణికట్టు దగ్గర ఆగాయి. ఛాతి దగ్గర మరీ బిగుతుగా లేదు, మరీ వదులూ లేదు. షుగర్ ఇప్పుడు అదుపులో ఉంది. కాస్త ఒళ్లు చేసినట్టే ఉన్నాడు, నిన్న కొలిస్తే 35. విప్పాల్సిన రోజు వస్తే సంతోషంగా విప్పుతా. ఆవాలరంగు స్వెట్టర్‌ని పారేయలేదు. మోచేతులకి అదే రంగు దారం దొరక్క, మిగిలిన నీలం ఊలుతోనే అతుకులు వేశాను. ఇంట్లో ఉన్నప్పుడు అది, బయటికి పోయేటప్పుడు ఇది.

అల్లేవాళ్లున్నా, కుట్టేవాళ్లున్నా, లేక మనవాళ్లకి అంగీలు కొనుక్కెళ్లేవాళ్లున్నా ఒక్కమాట. ఆశ్చర్యపరుద్దామని పాత బట్టల కొలతతో పని కానివ్వకండి. ఏడాదికోసారైనా టేపు పట్టుకుని ముందు నిలబెట్టండి, ముఖ్యంగా అమ్మానాన్నల్ని. ఇంత చనువు ఇప్పుడెందుకని వాళ్లు సిగ్గుపడతారు, మనకీ కొత్తగానే ఉంటుంది. అయినా సరే. ఇన్నేళ్లు నేను అందరికీ ప్రేమగానే అల్లాను, కానీ చాలాసార్లు మనిషిని చూడకుండా ఊలునే చూస్తూ అల్లాను. పిన్నిగారు చెప్పిన తేడా నాకిప్పటికి తెలిసింది.

అతుకులు వేశాక కూడా నీలం ఊలు ఒక ఉండ మిగిలింది. ఏం చెయ్యాలా అని చేతిలో తిప్పుతుంటే అత్తమ్మ తన చేతివేళ్లు నలుపుకుంటూ కనిపించింది. చలికి ఆ వేళ్ల కణుపులు పట్టేస్తాయి, తను చెప్పదు. వేళ్ల చివర్లు బయటికి ఉండే చేతి తొడుగులు అల్లుతానన్నాను. "నాకెందుకు బిడ్డా అవన్నీ, ముసలిదానికి" అంది.

అంటూనే అరచెయ్యి చాపింది. నేను బుట్టలోంచి టేపు తీశాను.